దొంగలు పోయారని చెప్పిన రోజు

నా చిన్నప్పుడు, నిజాం కాలంలో, కనకమామిడిలో మా నానమ్మకు వచ్చిన జబ్బుకు మాకెవరికీ పేరు తెలియదు. ఇప్పుడైతే అల్జీమర్స్ అంటారేమో. అప్పట్లో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు ముసలితనమని వదిలేశారు. పొద్దున తిన్న జొన్నరొట్టె ఆమెకు మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. కానీ మాకు దగ్గరి ఊరు ప్రొద్దుటూరులోని పుట్టింటి మీద దోపిడీ దొంగలు పడిన సంగతి నిన్ననే జరిగినట్టు చెప్పేది. అప్పుడామె చిన్నపిల్ల. చెల్లెల్ని పట్టుకుని గడ్డిలో దాక్కున్నదట. ఆ చెల్లెలు పెళ్లీడు రాకముందే జ్వరంతో పోయింది.

నానమ్మ నన్ను ఆ చెల్లెలే అనుకునేది. "చెల్లే" అని పిలిచినప్పుడల్లా "నేను నీ మనవరాలిని" అని దిద్దేదాన్ని. ఆమె ముఖం చిన్నబోయేది.

నాకు ఎనిమిదేళ్లున్నప్పటి మాట. చలికాలం, కంది కోతలు. అమ్మా నాయనా చేనుకు పోయారు. ఉయ్యాలలో నెలల పిల్లాడైన మా తమ్ముడు నిద్రపోతున్నాడు, పక్కనే నానమ్మ కూర్చుని ఉంది. నేను వాకిట్లో అంట్లు తోముతున్నాను. తప్పిపోయిన ఎడ్ల కోసం ఇద్దరు మనుషులు కేకలు పెడుతూ మా ఇంటి ముందు నుంచి పరిగెత్తారు. కాసేపటికి నేను లోపలికి వెళ్తే ఉయ్యాల ఖాళీగా ఉంది, నానమ్మ లేదు. వెనక గదికి లోపల గడియ పడి ఉంది. కిటికీ లేని గది అది. పశువుల గడ్డి, గోనె సంచులు అందులోనే ఉండేవి. నానమ్మ చలి కాచుకునే నిప్పుల కుంపటి కూడా కనిపించలేదు. తలుపు సందులోంచి సన్నగా పొగ వస్తోంది.

నా అరుపులకు ఇరుగుపొరుగు వచ్చారు. నాయన కూడా చేనులోంచి పరుగెత్తుకొచ్చి, తన తల్లిని పిలుస్తూ తలుపు బాదాడు.

"అవ్వా, తలుపు తియ్యి! పిలగాడు లోపలున్నడు!"

"పోండ్రి! మా ఇంట్ల ఏం లేదు, పోండ్రి!" అని లోపలి నుంచి నానమ్మ గొంతు.

బాదేకొద్దీ ఆమె సంచులు ఈడ్చి తలుపుకు అడ్డం పెడుతున్న చప్పుడు వినిపించింది. పక్కింటి పెదనాన్న గొడ్డలి తెచ్చాడు. అంతదాకా గుక్కపట్టి ఏడుస్తున్న తమ్ముడి గొంతు ఒక్కసారిగా ఆగిపోయింది.

అప్పుడే అమ్మ వచ్చింది. వస్తూనే గొడ్డలి కర్రను రెండు చేతులా పట్టుకుంది.

"కొట్టకుండ్రి! మీరు కొడుతుంటే దొంగలే వచ్చిండ్రనుకుంటున్నది. వాళ్లకు ఇనబడొద్దని పిలగాని నోరు మూసింది."

"పిలగాడు సచ్చేటట్టున్నడు, జరుగు!" అన్నాడు నాయన.

"జర ఆగు. అందరు వాకిట్లకు పోండ్రి."

లోపలున్నది ఆమె కన్నబిడ్డ. అయినా గొంతు పెంచలేదు. నన్ను తలుపు దగ్గరికి లాగి చెవిలో చెప్పింది. "బిడ్డా, ఇప్పుడు నువ్వు ఆమె చెల్లెవు. దొంగలు పోయిండ్రని మెల్లగ, ఆమెకు ఇనబడేటట్టు చెప్పు."

తలుపు సందుకు నోరు ఆనించాను. "అక్కా" అన్నాను. "అక్కా, నేను చెల్లెను. దొంగలు పోయిండ్రు."

లోపల సంచుల చప్పుడు ఆగింది.

"ఊరు దాటిండ్రా?"

"దాటిండ్రు. నాకు భయమైతున్నది, తలుపు తియ్యి అక్కా."

ఆ చివరి మాట అమ్మ నేర్పింది కాదు. దానంతట అదే వచ్చింది.

సంచులు జరిగాయి. గడియ తీసిన చప్పుడైంది. నానమ్మ దగ్గుతూ బయటికి వచ్చి, ముందు నన్నే దగ్గరికి తీసుకుంది. తమ్ముడు ఆమె కొంగు కింద ఉన్నాడు. అమ్మ లాక్కోలేదు, నాకు సైగ చేసింది. "నాకియ్యి అక్కా, నేనెత్తుకుంట" అన్నాను. ఇచ్చేసింది. గాలి తగలగానే వాడు దగ్గి, కెవ్వుమన్నాడు. నాయన లోపలికి దూకి కుంపటి మీద నీళ్లు గుమ్మరించాడు. అమ్మ వాడికి పాలిస్తూ గోడకు చేరబడి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నానమ్మతో, "మంచిగ కాపాడినవ్ అత్తా" అన్నది.

ఆ తర్వాత నాయన ఆ గది గడియ ఊడదీశాడు. కుంపటి ఆమెకు అందకుండా పెట్టారు. అంతకుముందు, నానమ్మకు చెవులు కాస్త మందమని అంతా ఆమెతో మాట్లాడటం తగ్గించాం. అమ్మ ఆమెను మళ్లీ మనుషుల మధ్య కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని మాట్లాడుతూ కందికాయలు ఒలిపించేది. సాయంత్రం చేను దాకా నడిపించేది. జబ్బు తగ్గలేదు, చివరికి నాయనను కూడా గుర్తుపట్టలేదు. కానీ మళ్లీ ఎప్పుడూ అంతగా బెదరలేదు.

ఇప్పుడు నాకు తొంభై దాటాయి. నడివయసు నుంచే బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవాలని, నడవాలని, వినికిడి తగ్గితే ఊరుకోవద్దని, నలుగురితో కలిసి ఉండాలని డాక్టరమ్మ మా మనవరాలికి చెప్పింది. అలా చేస్తే నానమ్మకు వచ్చినటువంటి జబ్బు ముప్పు తగ్గుతుందట, రానే రాదని మాత్రం చెప్పలేనన్నది. ఈ వయసులో నేను కూడా చెవికి మిషను పెట్టుకుని రోజూ వీధి చివరిదాకా నడుస్తున్నాను.

ఎవరైనా పొంతన లేని మాట అంటే, అది తప్పని చెప్పాలని నాకు ఇప్పటికీ నోటిదాకా వస్తుంది. ఆగుతాను. ఈ మనిషి ఇప్పుడు దేనికి భయపడుతోందని చూస్తాను. ఆ భయానికి జవాబు చెప్పాక, దిద్దాల్సిన పని చాలాసార్లు మిగలదు.