మరుగుజ్జు మేనత్త యుద్ధతంత్రం

మొన్న మా మనవడు కంప్యూటర్‌లో ఏదో యుద్ధం ఆట ఆడుతూ, గొడ్డళ్లు పట్టిన మరుగుజ్జుల దండునంతా ఆరుబయట మైదానంలో నిలబెట్టి, రాక్షసుల చేతిలో మూడోసారి ఓడిపోయి మూతి ముడుచుకుంటే, పక్కన కూర్చున్న నాకు ఊరుకోబుద్ధి కాలేదు. వాళ్లను కొండ సందులోకి తీసుకుపోరా, దారి ఎంత ఇరుకైతే వాళ్లకంత బలం అన్నాను. ఈ ముసలిదానికి యుద్ధాలేం తెలుసన్నట్టు చూశాడు. నాకు తెలియకపోవచ్చు గానీ, మా మేనత్తకు తెలుసు.

పందొమ్మిదివందల నలభైల చివర్లో మన ఊళ్లు దోపిడీ దండుల భయంతో ఎంత బిక్కుబిక్కుమంటూ బతికాయో నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నానక్‌రామ్‌గూడ చుట్టూ ఉన్నవి బండలూ, జొన్నచేలూ. మా నాన్నకు అక్కయిన ఆమె, ఎనిమిదేళ్ల నా ఎత్తుకు మించి ఎదగలేదు. పిల్లలు నవ్వుతారని వీధిలో ఆమెకు పది అడుగులు వెనకగా నడిచేదాన్ని. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఆమె చెప్పే కథల్లో మరుగుజ్జుల సైన్యం ఎన్నడూ మైదానంలో పోరాడేది కాదు, పొడుగువాళ్లను గుహల్లోకి రప్పించేది. "నిలవడి కత్తి దూసేటోడు వంగిండంటే సగం ఓడినట్టే బిడ్డా" అనేది.

దోపిడీ దండు పక్క ఊరిని తగలబెట్టిందన్న కబురు రాగానే, ఆమె గుట్టలో ఒక బండసందు ఎంచుకుని, రాళ్లు పేర్చి దాని గుమ్మాన్ని మోకాలెత్తుకు తగ్గించింది. అందరూ పిచ్చిదన్నారు. ఒక మధ్యాహ్నం, మగవాళ్లు దూరపు చేలల్లో ఉండగా, గుర్రాల చప్పుడు వినబడింది. పిచ్చిదన్నవాళ్లే ఆమె వెంట పరుగెత్తారు. ఆడవాళ్లం, పిల్లలం పాకుతూ లోపలికి పోయి, దారి వంపు తిరిగిన చోట చీకట్లో కూర్చున్నాం. వెలుగులోంచి వచ్చేవాడు మాకు కనబడతాడు, మేము వాడికి కనబడం. అమ్మ ఒడిలో నెలల తమ్ముడు. వాడు ఏడవకూడదని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. వాడు ఏడ్చాడు.

గుమ్మం దగ్గర బూట్లు ఆగాయి. ఒకడు కత్తి ముందుకు చాచి, బోర్లా పాకుతూ వచ్చాడు. పెద్దవాళ్లలో ఆ సందులో నిటారుగా నిలబడగలిగింది అత్త ఒక్కతే. వాడి తల వంపు దగ్గరకు వచ్చేదాకా ఆమె కదలలేదు. అప్పుడు ముందే తెచ్చి దాచిన గుప్పెడు కారం వాడి కళ్లలో కొట్టి, రోకలితో భుజంలో పొడిచింది. కత్తి తిప్పే చోటు లేదు, వెనక్కి తిరిగే చోటూ లేదు, వాడు గావుకేకలు పెడుతుంటే తోటివాళ్లు కాళ్లు పట్టి బయటికి లాగారు. "ఎంతమందున్నా ఒక్కొక్కడే రావాలె, భయపడకుండ్రి" అంది అత్త, ఇంకో గుప్పెడు కారం అందుకుంటూ. రెండోవాడు తల దూర్చలేదు. ఊళ్లో దొరికింది మూటగట్టుకుని పొద్దు వాలకముందే పోయారు.

ఆ గుట్టను పేల్చేసి ఇప్పుడు అద్దాల మేడలు కట్టారు. ఆనాడు ఏడ్చిన తమ్ముడు డెబ్బై ఏళ్లు దాటి బతికి, మనవల్ని ఎత్తుకుని మరీ పోయాడు. వాడి పిల్లలూ మనవలూ ఆ మేడల్లోనే ఉద్యోగాలు చేస్తున్నారు, అందరూ మంచి పొడగరులు. వాళ్లలో ఒక్కరికీ మా మేనత్త సంగతి తెలియదు. ఇంట్లో మరుగుజ్జు మనిషి ఉండేదంటే ఆడపిల్లలకు సంబంధాలు రావని మా పెద్దలు ఆమె పేరే ఎత్తనిచ్చేవారు కాదు. నా కూతుళ్ల పెళ్లిళ్లప్పుడు నేనూ ఎత్తలేదు.