కాంటా ఎక్కి గెలిచినోడు

మూడేండ్ల కింద నేను బాక్సింగ్ నేర్చుకునేటోన్ని. అప్పుడు నా బరువు నలభై తొమ్మిది కిలోలు. ఉండేది దబీర్‌పురల, పొద్దంత ఓ ఆఫీసుల గుమాస్తా పని, సాయంత్రం బార్కస్‌ల ఓ షాదీఖానా వెనక రేకుల షెడ్డుల ప్రాక్టీసు. అక్కడ నాకు దోస్తు అయినోడు నూటపద్దెనిమిది కిలోల మనిషి. వాళ్లింటోళ్లకు మండీ హోటల్ ఉన్నది, అరబ్బోళ్ల తీరు మాంసం బువ్వ అమ్మేది. మేమిద్దరం పక్కపక్కన తాడు ఎగురుతుంటే మా ఉస్తాద్ గోడ దిక్కు తిరిగి నిలబడేటోడు, నవ్వు ఆపుకోలేక.

ఆ యేడు మలక్‌పేటల పోటీలు పెట్టిన్రు. యాభై కిలోల లోపోళ్లం పదకొండు మందిమి. నన్ను మొదటి ఆటలనే ఒకడు ఒకటిన్నర నిమిషంల ఇంటికి పంపిండు. ముక్కుల దూది పెట్టుకొని బయటికొస్తే నా దోస్తు మెడల మొదటి బహుమతి పతకం వేలాడుతున్నది.

“ఎవర్ని కొట్టినవ్ భాయ్?” అని అడిగిన.

“ఎవర్ని కొట్టలే. అందరికంటె పెద్ద బరువుల నేనొక్కన్నే ఉన్న. కాంటా ఎక్కిన, దిగిన, ఇచ్చిన్రు.”

నాకు మస్తు మండింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోల సీటంత ఆయనే కూసుంటే నేను డ్రైవర్ పక్కన అంచుకు వేలాడుకుంట లొల్లి మొదలువెట్టిన. “ఇదేం ఇన్సాఫ్? గీ కిలోల లెక్క తీసేయాలె. చురుకున్నోడు గెలుస్తడు, బరువుతోటి ఏం పని?”

ఆయన కొట్లాడుతడనుకున్న. కానీ పతకం తీసి జేబుల పెట్టుకున్నడు. “నిజమే భాయ్. ఆరు నెలలు పొద్దుగాల లేచి ఉరికిన. ఒక్క గుద్దు గుద్దలే. అమ్మీ అడిగితే ఏం చెప్పాలె, కాంటాను ఓడగొట్టిన్నని చెప్పాల్నా?”

ఆయన మొఖం చూసి నాకు పాపమనిపించింది. ఆ పాపంలనే నోరు జారింది. “అయితే మనిద్దరం ఆడుదం తీ.”

ఉస్తాద్ మూడుసార్లు వద్దన్నడు. ఆఖరికి నా దోస్తుకు ఒక షరతు పెట్టిండు, “నువ్వు మాత్రం కొట్టొద్దు.”

“కొట్టకుంటే ఆట ఏంది ఉస్తాద్?”

“నువ్వు కొడితే ఆట ఉండది.”

ఐతారం పొద్దుగాల హోటల్ వంటోళ్లు ముగ్గురు చూడనీకి వచ్చిన్రు. నేను ఆయన చుట్టు తిరుక్కుంట పొట్ట మీద పది గుద్దులు గుద్దిన. ఆయన మర్యాదగ నిలబడి, “తాకుతలేదు భాయ్, జర గట్టిగ,” అన్నడు. రోషమొచ్చి ఉన్న బలమంత పెట్టి కొట్టిన. అప్పుడే ఆయన డొక్కల దురద పుట్టి చెయ్యి కిందికి దించిండు. నా గుద్దు ఆయన మోచేతికి తాకి, మణికట్టుల కటుక్కుమన్నది.

నేను అబ్బా అంటే ఆయనే భయపడి, “ఏమైంది, చూపియ్యి,” అనుకుంట మీదికొచ్చిండు. నేను వెనకకు జరిగిన. ఆయనకు నా కాలు తట్టుకున్నది. ఇద్దరం పడ్డం, నేను కింద.

అక్కడ వెలుతురు లేదు. మండీ మసాలా వాసన మాత్రం వచ్చింది. పైన ఉస్తాద్ అలవాటు చొప్పున ఒకటి, రెండు అని లెక్కవెట్టుడు వినవడ్డది.

“లెక్క తర్వాత ఉస్తాద్, ముందు ఈయన్ని లేపుండ్రి,” అన్న. నా గొంతు బయటికి పోలేదంట. పది దాటినంక వంటోళ్లు ముగ్గురు కలిసి గుంజిన్రు.

ఆయన నన్ను నిలబెట్టి, బట్టలు దులిపి, పదిసార్లు మాఫీ అడిగిండు. కానీ ఆ కండ్లల్ల ఖుషి దాగలేదు. ఆర్నెల్లకు ఒక ఆట దొరికింది మరి. ఇంటికి పోయి అమ్మీకి ఏం చెప్పిండో గాని, సాయంత్రానికి నాకు పెద్ద గిన్నె నిండ మండీ వచ్చింది. ఎడమ చేత్తోటే తిన్న.

ఆ దినం సంది కిలోల లెక్క మీద నేను నోరెత్తలే. ఆ లెక్క లేకుంటే నా అసోంటోడు ఉండడు. కానీ తనంత మనిషి ఇంకొకడు దొరకనోన్ని ఒట్టి పతకమిచ్చి పంపుడు కూడ అన్యాయమే అనిపిస్తది. దానికేం చెయ్యాల్నో నాకు ఇప్పటికీ తోచదు.

సోమారం పట్టీ కట్టుకొని ఆఫీసుకు పోయిన. పక్క సీటాయన చూసి, “ఎవరు కొట్టిన్రు తమ్మీ?” అన్నడు.

“ఎవరు కొట్టలేదన్నా. నేనే కొట్టిన.”

ఆయన మళ్ల ఫైలు తెరిచిండు.