పని చేయుటకు అనుమతి లేని మా టీచరమ్మ

మా టీచరమ్మ పోయారన్న కబురు నాకు శుక్రవారం పొద్దున రొట్టెల దుకాణం ముందు వరుసలో తెలిసింది. వెనకనుంచి మా కంపెనీ డ్రైవరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మేస్త్రీ, రొట్టెలు ఇడిసిపెట్టు. ఇన్‌చార్జి సారు ఇంటామె పోయింది. మంచిగనే పండుకున్నదట, తెల్లారి లేవలే" అన్నాడు. నేను కదల్లేదు. నా వంతు వచ్చేదాకా ఉండి, నాలుగు రొట్టెలు కొని, ఎందుకు కొన్నానో తెలియక అతని చేతిలోనే పెట్టాను.

మధ్యాహ్నం ఇన్‌చార్జి గారింట్లో, ఆవిడను ఊరికి పంపడానికి కావాల్సిన కాగితాలు వెతికే పని నాకు పడింది. ఆవిడ పాస్‌పోర్టు దొరికింది. వీసా ముద్రలో వృత్తి అన్నచోట 'గృహిణి' అని ఉంది. దాని కిందనే 'పని చేయుటకు అనుమతి లేదు' అని కూడా ఉంది. ఆరేళ్ళపాటు ప్రతి శుక్రవారం ఈ అరబ్బు దేశంలో, మా కూలీల క్యాంపులో ముప్పై మందికి చదువు చెప్పిన మనిషి గురించి అంత గట్టిగా గుద్దిన ముద్ర! చావు ఇంట్లో నాకు నవ్వొచ్చింది. ఇన్‌చార్జి గారు తలెత్తి చూశారు. ఆ చూపు తగిలినప్పటినుంచి నాకు స్థిమితం లేదు. ఆయనకు తెలియని మాట ఒకటి ఐదేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది.

ఆవిడది గోదావరి జిల్లా, నాది కరీంనగర్ జిల్లా. నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీదే సాగింది. పొట్లాం విప్పితే కథ ఎప్పుడూ సగమే ఉంటుంది. తక్కిన సగం సొంతంగా అల్లుకోవడం అప్పుడే అబ్బింది. ఈ రోజుకీ నేను చెప్పే కథల్లో ఏ సగం అచ్చులోదో ఏ సగం నాదో నాకే తెలియదు. అది పక్కన పెడదాం. ఇప్పుడు చెప్పేది మాత్రం పొట్లాం కథ కాదు.

ఆఫీసులో ఇంజనీర్లు చదివి పారేసిన అమెరికా వారపత్రికలను టీచరమ్మ ఏరుకొచ్చేవారు. వాటిలో అధ్యక్షుల భార్యల బొమ్మలు కత్తిరించి, గోడ కాగితాల నమూనాల పుస్తకంలో అంటించేవారు. గులాబీల కాగితం మీద ఒకావిడ, నీలం చారల మీద ఇంకొకావిడ. మాకు ఇంగ్లీషు పాఠాలన్నీ ఆ బొమ్మల మీదే. "రాజుల కథలు మీరందరూ విన్నవే కదండీ. పదవి లేకుండా ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ సంగతి ఎవరు చెప్పారు మీకు?" అనేవారు. చదివేటప్పుడు కళ్ళజోడు తీసేసి, మేము మాట్లాడేటప్పుడు పెట్టుకునేవారు. అదేమిటమ్మా అంటే, "అది లేకపోతే నాకు సరిగ్గా వినపడదండీ" అనేవారు.

ఒక శుక్రవారం బోర్డు మీద 'ఫస్ట్ లేడీ' అని రాశారు. ఆ రెండు మాటలూ మాకు వచ్చినవే. మా జగిత్యాల రాడ్ల పనాయన, పెద్ద మీసాల మనిషి, లేచి నిలబడ్డాడు.

"అంటే మొదటి పెండ్లమా టీచరమ్మా?"

"అధ్యక్షుడి భార్య అని అర్థమండీ."

"గదే కదా. మరి రెండో ఆమె ఏడుంటది? వేరే విల్లా ఇచ్చిండా?"

అతని తప్పేం లేదు. మా అర్బాబుకు, అంటే కంపెనీ యజమానికి, ఇద్దరు భార్యలు, రెండిళ్ళు. వెనక బల్లమీంచి ఇంకొకడు, "రెండో ఆమె ముచ్చట నీకెందుకే? నీకు ఒక్కామెకే జవాబు రాయ చాతనైతలేదు" అని ఎత్తిపొడిచాడు. మీసాలాయన తగ్గలేదు. "అమెరికాలనైనా ఏడనైనా పెద్దామె మాటనే చెల్లుతదిరా. మన అర్బాబు కాడ సూడు. చిన్నామెకు కారు, పెద్దామెకు కారుబారు!"

టీచరమ్మ చేతిలో సుద్దముక్క కింద పడిపోయింది. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, తర్వాత చెప్పారు. ఆ హోదాకి ఎన్నిక లేదు, జీతం లేదు, చేయాల్సిన పని ఏమిటో ఏ చట్టంలోనూ రాసి లేదు. శత్రువులు ఇల్లు తగలబెట్టడానికి వస్తుంటే దేశపు తొలి అధ్యక్షుడి పటాన్ని బయటికి తీయించాకే కదిలింది ఒకావిడ. పక్షవాతంతో పడ్డ భర్త గదిలోకి ఏ కాగితం వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో ఏడాది పైగా తానే చూసుకుంది మరొకావిడ. నడవలేని భర్తకు బదులు ఊరూరా తిరిగి, బొగ్గు గనిలోకి కూడా దిగి చూసొచ్చింది ఇంకొకావిడ. అప్పుడే కొత్తగా వచ్చిన అధ్యక్షుడైతే దేశం మొత్తానికి వైద్యం ఎలా అందించాలో తేల్చే పనిని భార్యకే అప్పజెప్పాడు. "జీతం లేకుంటనా?" అని అడిగాను నేను. "జీతం లేని పనికి సెలవు కూడా ఉండదు మేస్త్రిగారూ" అన్నారు.

ఆ మరుసటి ఎండాకాలం ఊరినుంచి మా బావమరిది ఉత్తరం వచ్చింది. "బావా, అక్కకు రొమ్ముల గడ్డ. నెల దాటనియ్యొద్దు, కోసి తియ్యాలె అంటున్నరు డాక్టర్లు. నువ్వొస్తెనే కాగితం మీద ఏలిముద్ర ఏస్తనంటుంది." మూడుసార్లు చదువుకున్నాను. ఆ మాటను సెలవు అర్జీలో ఎలా రాయాలి? మొగవాళ్ళు తిరిగే ఆఫీసులో పదిమంది చదివే కాగితం అది. చెయ్యి రాక, 'భార్యకు కడుపునొప్పి, ఆపరేషన్' అని రాసిచ్చాను.

ఇన్‌చార్జి గారు చదివి, "మేస్త్రీ, ఈ నెలలో నాకొచ్చిన తొమ్మిదో కడుపునొప్పి ఇది" అన్నారు. మదీనత్ అల్ షమాల్ ఊళ్ళో మేము కడుతున్న బడిని అప్పజెప్పేదాకా ఎవరికీ సెలవు లేదని హుకుం ఉంది. పాస్‌పోర్టులన్నీ అర్బాబు బీరువాలో ఉన్నాయి. ఇన్‌చార్జి గారు చేసింది తప్పని నేను ఆనాడూ అనలేదు, ఈనాడూ అనను. అబద్ధం రాసింది నేను.

ఆ శుక్రవారం టీచరమ్మ చెప్పిన పాఠం అప్పటికి ఇరవై ఏళ్ళ కిందటి ఒక అధ్యక్షుడి భార్య గురించి. ఆ ఇంట్లో అడుగుపెట్టి రెండు నెలలు తిరక్కుండానే ఆమెకు రొమ్ము క్యాన్సరని తేలిందట. అంతకుముందు సొంత చెల్లెలికి కూడా గుసగుసగా చెప్పే జబ్బును, ఆమె పేపర్లలో చెప్పించిందట. అది చదివి ఎంతోమంది ఆడవాళ్ళు డాక్టర్ల దగ్గరికి వెళ్ళారట. నేను లేచి బయటికి వచ్చేశాను. నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడితే టీచరమ్మ వచ్చారు. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నారు.

"మీ ఆవిడకి కడుపునొప్పి అన్నారట కదా. ఎక్కడండీ నొప్పి?"

చెయ్యి నా ఛాతీ మీద పెట్టుకున్నాను.

"మగాళ్ళు పేరు చెప్పడానికి సిగ్గుపడితే ఆడవాళ్ళు చచ్చిపోతారండీ" అన్నారు ఆవిడ. "మావారిని అడిగితే రూలు చెప్తారు. రూలుకి అవతల ఆయన చేతిలో కూడా ఏం లేదు. రేపు పొద్దున డ్రైవర్ని తీసుకురండి. పెద్దావిడ ఇంటికి వెళ్దాం."

"ఏ పెద్దామె?"

"మీ మీసాలాయన చెప్పారుగా. కారుబారు ఆవిడ."

మరునాడు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చారు. అర్బాబు మొదటి భార్య ఇంటికి పక్కన ఆడవాళ్ళ గుమ్మం ఉంది. ఆ గుమ్మంలోకి ఒక్కరే వెళ్ళారు. డ్రైవరూ నేనూ గోడ పక్కన ఎండలో కూర్చున్నాం.

"టీచరమ్మకు అరబ్బీ ఎంతొస్తదే?"

"యల్లా, మాఫీ, షుక్రన్. పద, లేదు, థాంక్స్. గంతే" అన్నాడు డ్రైవరు.

"మూడు మాటలతోని గంటసేపు ఏం మాట్లాడుతుందే?"

గంట దాటాక వచ్చారు. మొహం ఎర్రబడి ఉంది. కారు కొంత దూరం పోయాక చెప్పారు. "నాకు మాటలు చాల్లేదండీ. మీరు చేసినట్టే చేశాను" అని చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని చూపించారు. "ఆవిడ లేచెళ్ళి తలుపేసొచ్చింది. వాళ్ళ అక్కగారు దీంతోనే పోయారని ఫొటో చూపించి సైగలతో చెప్పింది. ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తరని పెదవుల మీద వేలు పెట్టుకుంది." ఇంకాస్త దూరం పోయాక, "మావారికి మాత్రం తెలియనివ్వకండి. ఆయన కాదన్నదాన్ని ఆయన వెనకనుంచి అవుననిపించాను. బాధపడతారు" అన్నారు. నేను మాటిచ్చాను.

మూడో రోజున నా పాస్‌పోర్టు వచ్చింది. "అర్బాబుకు నీమీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందయ్యా!" అని ఇన్‌చార్జి గారే ఆశ్చర్యపోయారు. నేను వెళ్ళాను. మా ఆవిడ వేలిముద్ర వేసింది. హైదరాబాదులో ఆపరేషన్ అయింది. బతికింది. ఇప్పటికీ నన్ను తిట్టేంత ఓపిక ఉంది.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఉత్తరాల్లో మాత్రం మా ఆవిడ "టీచరమ్మ మంచిదేనా" అని అడిగించేది. టీచరమ్మ పోయారని చెప్పడానికి ఊళ్ళో మా పక్కింటి ఫోనుకు చేసి మా ఆవిడను పిలిపించాను.

"ఏ దారిన తెస్తున్నరట?"

"బొంబాయి మీదికెళ్ళి హైదరాబాదుకు విమానం. ఆడినుంచి వ్యానుల వాళ్ళ ఊరికి."

"నేను హైదరాబాదుకు పోత."

"పోయి ఎవరని చెప్తవు? సారుకు ఎర్కలేదు."

"నేనేం చెప్ప. నీ మాట నీకాడనే ఉండనియ్యి" అని పెట్టేసింది. కరీంనగర్ దాటి ఒంటరిగా ఏనాడూ పోని మనిషి.

పోయిన వారం ఇన్‌చార్జి గారు తిరిగొచ్చారు. టీ తాగుతూ, "హైదరాబాదులో ఒకటి జరిగిందయ్యా" అన్నారు. "పెట్టె వ్యానులోకి ఎక్కిస్తుంటే మా బావమరుదుల మధ్యలోకి ఒకావిడ వచ్చేసింది. మీ వైపు మనిషే, మాటలో తెలిసిపోయింది. ఎవరమ్మా అంటే చెప్పలేదు. ఒక మూల పట్టుకుంది. బరువమ్మా, వదులూ అంటే, 'నాకేం బరువు లేదు' అంది. ఎవరంటావు?"

"నాకు తెల్వది సార్" అన్నాను.

ఆ అబద్ధంతో వారం రోజులు క్యాంపులో కూర్చోలేక, నిలబడలేక తిరిగాను. ఇన్‌చార్జి సార్, ఇది అచ్చయ్యే మన తెలుగు సంఘం పత్రికను మొదటి పుటనుంచి చివరిదాకా చదివేది మీరొక్కరే. మాట తప్పుతున్నానని తెలిసే రాస్తున్నాను. టీచరమ్మ మిమ్మల్ని దాటిపోయింది ఒక్కసారే. దాటింది నా ఇంటి మనిషి ప్రాణం కోసం.

ఆ రోజు మిమ్మల్ని ఒక్కటి అడిగాను, గుర్తుందా? ఏ చేత్తో పట్టుకుంది సార్ అని. అదేం ప్రశ్న అన్నట్టు చూసి, ఎడమచేత్తో అన్నారు. ఆపరేషన్ అయింది ఆ వైపే. ఆ చేత్తో బరువులు ఎత్తొద్దని డాక్టర్లు చెప్పినప్పటినుంచి నీళ్ళ బిందె కూడా ఎత్తదు. వ్యాను తలుపులు మూసేవరకూ ఆ చెయ్యి పెట్టె మూలను వదల్లేదని మీరే చెప్పారు.