గంప ఎత్తితే ఆగే రైలు

ఎండు నెత్తళ్ల చేపవాసన తగిలితే చాలు, ఈ కొత్త రైల్లో జనం ముక్కు మూసుకుని పక్క పెట్టెలోకి పోతారు. నాకు మాత్రం అమ్మమ్మ వెనక నడిచిన వేసవి పొద్దులు, ఆమె కొంగుకి పట్టిన ఉప్పు, పచ్చిచేపల గంపలోంచి నా నెత్తి మీద కారిన నీళ్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

నా చిన్నప్పుడు మా సముద్రపు ఊరి పక్కగా చిన్నరైలు పోయేది. ప్లాట్‌ఫాం లేదు, టిక్కెట్ల గది లేదు. చేపలమ్మే ఆడవాళ్లు పట్టాల పక్కన నిలబడి గంప పైకెత్తితే డ్రైవరు ఆపేవాడు, అంతే. అమ్మమ్మ అందులో కొండకింది ఊళ్లకి పోయి, నెత్తళ్లిచ్చి చోళ్లు, చింతపండు, కాలం వస్తే పనసకాయలు తెచ్చేది. ఆ చోళ్ల, అదే రాగుల, అంబలితోనే మేం పెరిగాం.

పెద్దలైను వేస్తామని చిన్నరైలు ఆపేశారు. బస్సెక్కబోతే కండక్టరు గంపని కాలితో రోడ్డు మీదికి తోసేవాడు.

"బస్సంతా కంపు సేస్తావేటే? దిగు!"

అమ్మమ్మ నడిచింది. నడిచి చేరేసరికి ఐసుపెట్టెల్లో చేపలమ్మే మోటారుసైకిళ్లు ముందే వచ్చి పోయేవి. మా అంబలి పల్చబడింది. పట్టాలు వేసే కూలీల దగ్గరికి పోయి "రైలొస్తాదేటి బాబూ?" అని అడిగితే "నీకోసమే వస్తాదప్పా" అని ఏడిపించేవాళ్లు. పిచ్చిది, నమ్మింది.

రైలు వచ్చిన రోజు ఊరంతా మామిడాకులు పట్టుకుని గట్టు మీద చేరింది. అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుని, గంపనిండా చేపలతో ముందు నిలబడి, కూత వినగానే గంప పైకెత్తింది.

"ఒసే గుంటా, ఆపుతాడు సూడు!" అంది నాతో.

ఆపలేదు. స్టేషను మా ఊరికి ఇవ్వలేదని అందరికీ తెలుసు, ఆమెకి తప్ప. ఒక్కరూ చెప్పలేదు. రైలు విసురుకి గంప జారి చేపలు కంకరలో పడితే, ఆమె మోకాళ్ల మీద కూలబడి ఏరుకుంటుంటే, మా వాళ్లే, మా సొంతవాళ్లే, పొట్ట పట్టుకుని నవ్వారు. ఒకడు ఆమె గంప ఎత్తకముందు నుంచే సెల్‌ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

అమ్మమ్మ మళ్లీ గంప ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుని, ఆ వానాకాలంలోనే పోయింది.

ఇప్పుడు పక్కూళ్లో ఎక్కి ఇదే రైల్లో ఉద్యోగానికి పోతున్నాను. గంప ఎత్తిన చోట తుప్పలు మొలిచాయి. ఆ వీడియో మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు నవ్వు బొమ్మలు పెట్టి పంపుతుంటారు. దాన్ని తుడిచెయ్యలేను, అమ్మమ్మ ఫొటో మాకు ఒక్కటీ లేదు. ఆ నవ్వులు వినలేక శబ్దం తీసేస్తే, "ఆపుతాడు సూడు" అన్న ఆమె గొంతు కూడా పోతుంది.