ముక్కుతో గుడ్డ కొన్న బోమాగారు

నందిగామ దగ్గర పల్లెలో నేతవాళ్ళ సంఘానికి మా మావయ్య కార్యదర్శి. నైజీరియా నుంచి ఒక వ్యాపారస్తురాలు గళ్ళ రుమాళ్ళు కొనడానికి వస్తోందనీ, ఇంగ్లీషు చెప్పడానికి నన్ను పంపమనీ నాన్నకు కబురు చేశాడు. ఈ బేరం కుదరకపోతే సగం మగ్గాలు ఆగిపోతాయట. ఇంగ్లీషు నేను పుస్తకాల్లో చదివిందే ఎక్కువ, నోటితో పలికింది తక్కువ. అయినా కాదనలేకపోయాను.

జగ్గయ్యపేటలో ఏడు గంటల బస్సు ఎక్కాను. టిక్కెట్టు ముప్పావలా. పక్కన మిరపకాయల మూటతో కూర్చున్న పెద్దావిడ వివరమంతా లాగింది.

"ఆడమనిషే వస్తందా? మొగుడు రావట్లా?"

"ఆవిడే యజమానటండీ."

"అమ్మో! మరి ఆయనేం చేస్తాడంట?"

నాకు తెలియదన్నాను. కిటికీ బయట జొన్నచేలు చూస్తూ ఇంగ్లీషు వాక్యాలు మనసులో కూర్చుకున్నాను.

ఎనిమిదిన్నరకు నందిగామలో దిగాను. హోటల్లో ఇడ్లీ తిని వచ్చేసరికి, బెజవాడ నుంచి బాడుగ కారులో ఆ వ్యాపారస్తురాలు బోమాగారు రానే వచ్చారు. పొడగరి. నడుముకు చుట్టుకున్నదీ, తలకు కట్టుకున్నదీ మన గళ్ళ రుమాలే; పేరుకు రుమాలు గానీ చీరంత గుడ్డ. చందర్లపాడు రోడ్డు మీద దుమ్ములో పోతుండగా తన సంగతులు చెప్పారు. తల్లి ఇచ్చింది సంతలో ఒక్క బల్ల. ఇప్పుడు మూడు పట్టణాల్లో దుకాణాలు. ఆమె దగ్గర సరుకు తీసుకుని ఊరూరా అమ్మేది కూడా ఆడవాళ్ళే. బస్సులో పెద్దావిడ ప్రశ్న నేనూ అడిగేశాను.

"మా ఆయన బడిలో పాఠాలు చెబుతారు. దుకాణంలో మాత్రం నా పాఠమే" అని నవ్వారు.

సంఘం పాకలో రుమాళ్ళ కట్టలు పేర్చి ఉన్నాయి. నేసే ఇంటి ఇల్లాలు నరసమ్మ నా చెవిలో సంబరంగా చెప్పింది: "నిన్న ఏట్లో ఉతికి సాంబ్రాణి పొగ పట్టించామమ్మాయిగారూ. అంత దూరం నుంచొచ్చే తల్లికి నూలుకు పట్టిన నూనె కంపు గుడ్డలు ఎట్టా ఇస్తాం?"

బోమాగారు మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఇంకొకటి విప్పారు. మరొకటి. తిరిగి మడిచి పెట్టేశారు. "ఇది నేనడిగిన సరుకు కాదు."

మావయ్య నా పక్కకు జరిగాడు.

"ఉతికామని చెప్పబాక అమ్మాయ్. వాడిన గుడ్డలనుకుంటుంది. కొత్త రకమని చెప్పు."

"అబద్ధం కదా మావయ్యా!"

"నీతులకిదా సమయం? మగ్గాలు ఆగుతాయే!"

నరసమ్మ నా ముఖంలోకే చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను: మీ మీద గౌరవంతో ఉతికారు, వాసన పోతే మీకు బాగుంటుందనుకున్నారు. కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

బోమాగారు నా వంక చూసి పకపకా నవ్వారు. "మా ఆడవాళ్ళు నకిలీలతో మోసపోయి మోసపోయి ఆరితేరారు. ముందు వాసన చూస్తారు. అసలు సరుకుకుండే నూనె, గంజి, నీలిమందు వాసన లేకపోతే ముట్టుకోరు. ఇది అమ్మితే నా పేరు పోతుంది."

"ఉతకనిది లేదా?" అని నరసమ్మను అడిగాను.

"మగ్గం మీదది ఉందిగా!"

బోమాగారు నరసమ్మ ఇంట్లో మగ్గం గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుని, పడుగు మీదకు వంగి గట్టిగా వాసన పీల్చారు. "ఇదే" అన్నారు.

ధర దగ్గర మాత్రం నవ్వలేదు. మూడు గంటల దాకా మావయ్యకు చెమటలు పట్టించారు. మధ్యలో భోజనం. బోమాగారు గోంగూర పచ్చడి రెండోసారి వడ్డించుకుని "కారం తక్కువైంది" అంటే నరసమ్మ బుగ్గలు నొక్కుకుంది. చివరికి అన్ని మగ్గాలకూ పని కుదిరింది. ఉతికిన కట్టలు మాత్రం ఒక్కటీ తీసుకోలేదు. ఒక షరతు కూడా పెట్టారు: ఉత్తరాలు ఈ అమ్మాయే రాయాలి, చెడ్డ కబురైనా దాచకుండా.

అయిదు గంటల బస్సుకు మావయ్య సాగనంపాడు. "ఉత్తరాల సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాలే."

"నేనే చెబుతాను మావయ్యా."

బస్సులో కూర్చోవడానికి చోటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చాను. ఆఫ్రికా అంటే అట్లాసులో చూసిన రంగు పటమే నాకు తెలుసు. ఇకమీదట ఆ పేరు వింటే, తన ఊరి కొనుగోలుదార్ల కోసం మన మగ్గం మీదకు వంగిన ఆ మనిషే కనిపిస్తుంది. పేట చేరేలోగా ఆవిడకు రాయవలసిన మొదటి ఉత్తరం సగం తయారైంది.