మగ్గం మామను క్షమించిన ఆదివారం

మారుమనస్సు పొందిన కొత్తలో మనిషి కిర్రుచెప్పులు తొడుక్కున్నట్టు ఉంటాడు, నడక కంటే చప్పుడెక్కువ. ఆ రోజుల్లో నేనూ అంతే. జమ్మలమడుగు దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనికి కుదిరి, బాప్తిస్మం తీసుకుని, బీడీలు మానేసి, వీధిలో నా అంత పరిశుద్ధుడు లేడన్నట్టు తిరిగేవాణ్ణి. (బీడీలు మానిన సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.)

మా పక్కిల్లు మగ్గం మామది. వీధిలో అందరికీ ఆయన మామే. ఆయనది గుంట మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని పొద్దస్తమానం చీరలు నేసేవాడు. నేను ఫ్యాక్టరీలో విరిగిన బండలు తెచ్చి, ఆయన గోడవారన స్నానాలకు గచ్చు వేశాను, నీళ్లు పారే వాటం ఎటుందో చూసుకోకుండా. ప్రార్థనకు శుద్ధిగా ఉండాలని రెండు పూటలా బిందెలకొద్దీ పోసుకునేవాణ్ణి. ఆ నీళ్లన్నీ గోడకింద నుంచి ఊరుతూ మామ గుంతలోకి దిగేవి. నూలు చెమ్మెక్కితే నేత చెడుతుంది, పైగా అప్పుడు మగ్గం మీద ఎవరిదో పెళ్లిచీర ఉంది. మామ మెల్లగా చెప్పి చూశాడు. చివరికి ఓపిక నశించి, "స్నానం నువ్వు చేస్తాండావు, తడిసేది నేనప్పా! నీకేమన్నా బుద్ధుండాదా?" అని అరిచాడు. "మా గోడ లోపల మా ఇష్టం" అన్నాను నేను.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు నన్నెట్లా మార్చాడో సాక్ష్యం చెప్పే వంతు నాది. అక్కడ మైకులో ఏం మాట్లాడినా పైకప్పు మీది హారన్‌లో బయటికి వినబడుతుంది, ఆ హారన్ మూతి మా వీధి వైపే ఉండేది. నేను మైకు పట్టుకుని, కళ్లు మూసుకుని, గొంతు వణికించి (అద్దం ముందు నేర్చుకున్న విద్యే), "మా పక్కింటాయన నన్ను నానా మాటలన్నాడు. పాత మనిషినైతే కొట్టేటోణ్ణి. ప్రభువు నా గుండె మార్చినాడు. ఆయన్ను మనసారా క్షమించేసినా!" అన్నాను. జనం హల్లెలూయా అన్నారు. పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇంటికొస్తే మామ అరుగు మీద కూర్చుని, నానిపోయి ముడతలు పడిన పాదాలు ఎండకు చాపుకుని ఉన్నాడు.

"ఏమప్పా, నన్ను క్షమించినావంట. శానా సంతోషం. ఆ మాట గుంతలో నీళ్లకూ చెప్పిపో, అవి ఇంకా ఈడనే ఉండాయి."

వీధంతా నవ్వింది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపలికి దూరితే మా అమ్మ వదల్లేదు. "తప్పు నువ్వు చేసి ఆయన్ను క్షమించేదేందిరా? ఆ చీర చెడిపోతే ఆయన మొగం ఎట్ల చూస్తావు? చర్చిలో మోకాళ్లు వేసింది చాలు, పోయి ఆ గచ్చు కాడ వెయ్యి."

ఇస్త్రీ చొక్కాతోనే గడ్డపార అందుకున్నాను. గచ్చు పగలగొట్టి, వాటం మా మునగచెట్టు వైపు తిప్పి, మామ గుంతలోకి దిగి చెంబుతో నీళ్లు తోడాను. ఆ చల్లటి బురదలో నిలబడితే గానీ ఆయన ఇన్నాళ్లూ ఎందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడో నాకు తెలియలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఈసారి గొంతు దానంతటదే వణికింది. "తప్పు నాది మామా" అన్నాను. ఆయన బురదైన నా చొక్కా వంక చూసి, "మజ్జిగ తాగుతావా?" అన్నాడు.

చీర దక్కింది. తర్వాతి ఆదివారం పాస్టరయ్య మళ్లీ మైకు ఇవ్వబోతే గొంతు బాగాలేదన్నాను. ఆ తర్వాత నేను బైబిలు చంకన పెట్టుకుని బయల్దేరినప్పుడల్లా మామ గుంతలోంచే "ఈ వారం ఎవుర్ని క్షమిస్తాండావప్పా?" అని కేకేసేవాడు. ఇప్పుడా మగ్గం లేదు. మామకు చూపు ఆనదు, అయినా నా అడుగుల చప్పుడు పసిగట్టి అదే మాట అడుగుతాడు. నవ్వుతాను గానీ చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి. నా పెళ్లికి చర్చిలో కట్టుకున్న తెల్లపంచె ఆయన నేసిందే, అడగకుండానే తెచ్చి చేతిలో పెట్టాడు. నన్ను క్షమించానని మాత్రం ఆయన ఏ మైకులోనూ చెప్పలేదు.