దావ చెప్పి పోయేవాడు

మా అక్క కొడుకు పోయిన ఆదివారం చనిపోయాడు. జమ్మలమడుగు అవతల గుట్టల్లో బండి మీద పోతుంటే, దావకు అడ్డంగా ఎవరో కట్టిన ఇనుప తీగ గొంతు కోసింది. కట్టిందెవరో పోలీసులు ఇంకా తేల్చలేదు. నాకు రాయడం పెద్దగా రాదు. వాడి గురించి నాలుగు మాటలు చెప్పాలని కూర్చున్నాను.

వాడు పసివాడుగా ఉన్నప్పుడే వాడి నాయనను, మా బావను, పగవాళ్ళు కల్వర్టు దగ్గర కాపు కాసి కొడవళ్ళతో నరికారు. ఏ దావన వస్తాడో ఎవరో చెప్పారు, అంతే. ఇంటికి తెచ్చిన దుప్పట్లో చెయ్యి విడిగా ఉండింది. ఆ కాలంలో పోయే దావ పెండ్లానికి కూడా చెప్పేవాళ్ళం కాదు. పోయిన దావన తిరిగి వచ్చేవాళ్ళం కాదు. వాణ్ని అట్లాగే పెంచాను.

వాడు పొద్దుటూరులో మెకానిక్కయ్యాడు. గుట్టలెక్కే బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళను కూడగట్టి క్లబ్బు పెట్టాడు. మైలవరం కట్ట దగ్గర కలిసేది, ఏ వంకలో దిగేది, ఎక్కడ తినేది, అన్నీ శనివారమే అందరి ఫోన్లకు పంపేవాడు. కొత్తగా దొరికిన దావ ఒక్కటీ దాచుకోలేదు. ఆ ఫోన్లలో ఒకటి మా బావను నరికినవాళ్ళ ఇంటి మనిషిది.

నేను ఓర్చుకోలేకపోయాను. "మీ నాయన ఎట్ల పోయినాడో మర్చినావా? వాళ్ళకు దావ చెప్తాండావే?"

వాడు స్పానరు తుడుచుకుంటూ నవ్వాడు. "చెప్పకుండా పోయి ఏ వంకలోనో పడితే ఎవడొచ్చి ఎత్తుతాడు మామా? నువ్వొస్తావా, మోకాళ్ళు పట్టుకోని?"

వెనక బండి కనపడకపోతే ముందు బండి ఆగాల్సిందే, అది క్లబ్బులో వాడు పెట్టిన కట్టుబాటు. ఆగకుండా పోయిన ఒకణ్ని అందరి ముందర చెంప మీద కొట్టాడట. "ఎనకోడు రాకుండా నువ్వు పోయేది యాడికిరా?" అన్నాడట.

పోయిన ఆదివారం ముందు బండి మా వాడిదే. పడిన చోటికి మొదట చేరింది ఆ పగవాళ్ళ మనిషే. చొక్కా విప్పి గొంతుకు చుట్టి, ఆసుపత్రి దాకా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ఉబికి వస్తూనే ఉందట. దారిలోనే ప్రాణం పోయింది.

అతను శవం వెనకనే తన బండి మీద మా ఊరికి వచ్చాడు, ఒంటి మీద చొక్కా లేకుండా. మా అక్క చూసి, కొడుకు చొక్కా తెచ్చి ఇచ్చింది.

మావాళ్ళు నా చుట్టూ చేరారు. తువ్వాళ్ళ కింద కొడవళ్ళున్నాయి. "తీగ కట్టింది వీళ్ళే మామా. నువ్వు ఊఁ అను సాలు."

నేను వద్దనలేదు. దాన్నే ఊఁ అనుకున్నారు.

మట్టి చేశాక అతను బండి దగ్గరికి నడిచాడు. మావాడొకడు అడ్డం నిలబడి మెల్లగా అడిగాడు. "ఏ దావన పోతాండావు బ్బా?"

మా పక్క అది యోగక్షేమం అడగడం కాదు. అందరం నిలబడిపోయాము.

అతను అందరికీ వినపడేట్టు చెప్పాడు. "సింహాద్రిపురం రోడ్డున పోతాండా. చెరువు కట్ట కాడ దిగి, గుట్ట ఎనకమాల మా ఊరికి. మాపటేలకు చేర్తా."

నేను ముందుకొచ్చి, "నేనూ వస్తాండా" అన్నాను.

అట్లాంటి బండి ఎప్పుడూ ఎక్కలేదు. కాలు పైకి లేవకపోతే అతనే బండి వంచాడు. అడ్డం నిలబడినవాడు పక్కకు జరిగాడు. బండి ఊరు దాటి వేగం అందుకుంది. పట్టుకోవడానికి ఇంకేమీ దొరకలేదు. నా ముందు మా వాడి చొక్కా గాలికి ఉబ్బుతోంది. దాన్నే రెండు పిడికిళ్ళతో పట్టుకున్నాను.